దుప్పటి మడతపెట్టకు

ఫిబ్రవరి 19, గురువారం

కోపం ఎక్కడో ఒకచోట కక్కాలి కాబట్టి రాస్తున్నా. ఇంట్లో కక్కితే కింద గదిలో ఉండే నర్సింహ నవ్వుతాడు. కార్గో షెడ్‌లో కక్కితే సూపర్‌వైజర్ షిఫ్టుల రోటాలోంచి పేరు లేపేస్తాడు. ఈ ఫైలైతే నోరు మూసుకుని పడి ఉంటుంది.

సోమవారం నుంచి ఫెస్ట్. ఆన్‌లైన్‌లో వారం రోజుల డెమోల తిరణాల. ఇంకా రిలీజ్ కాని గేములన్నీ ఒకే పేజీలో దుకాణం పెడతాయి. జనం ఊరికే ఆడి చూస్తారు, నచ్చితే తర్వాత కొనటానికి విష్‌లిస్ట్‌లో వేసుకుంటారు. ఒక గేముకి జన్మలో ఒక్కసారే ఛాన్స్. ఇప్పుడు ఎవడూ చూడకపోతే రిలీజ్ రోజున కూడా ఎవడూ చూడడు. షాపు అడుగున ఎక్కడో పడి ఉంటుంది, ఉన్నట్టు కూడా తెలియదు.

అందరినీ సమానంగా చూపిస్తాం అని రాశారు. సమానం నా బొంద. మొదట్లో పేజీ అందరినీ మార్చి మార్చి కాసేపు పైకి తెస్తుందంట. తర్వాత జనం దేనిమీద ఎగబడితే దాన్నే పైకి తోస్తుంది. అంటే ముందే జనం ఉన్నోడికి ఇంకా జనం. మనలాంటోడికి లైటు లేని చివరి వరస.

మా గేము పేరు షేరింగ్. నా గేము. కాలేజీలో ఎవడూ నేర్పలేదు, వీడియోలు చూసి, విరగ్గొట్టి, మళ్ళీ అతికించి నేర్చుకున్నా. గేములో మేముండే హౌన్స్‌లో ఏరియాలో ఒక ఇల్లు ఉంటుంది. నువ్వు షిఫ్టు దిగి వస్తావు. ఆ ఇంట్లో నీతోపాటు ఇంకొకడు ఉంటాడు, కానీ కనపడడు. కుక్కర్ వేడిగా ఉంటుంది. టవల్ తడిగా ఉంటుంది. మంచం వెచ్చగా ఉంటుంది. వాణ్ణి వెతకటమే ఆట.

దయ్యాల గేమా అని అడుగుతారు. కాదు. నేనూ లోకేష్ అట్లాగే బతికాం. బాక్స్ రూమ్ అని పెట్టె లాంటి చిన్న గది ఒకటి, సింగిల్ మంచం ఒకటి, మనుషులం ఇద్దరం. నేను తెల్లారకముందే షెడ్‌కి పోయేవాణ్ణి. వాడు రాత్రంతా బండి మీద డెలివరీలు తిప్పి అప్పుడొచ్చి పడుకునేవాడు. మధ్యాహ్నం షిఫ్టు దిగి నేను లైబ్రరీలో కూర్చుని కోడ్ రాసుకునేవాణ్ణి, ఐదింటికి వాడు లేచి పోయేదాకా. మేం మాట్లాడుకున్నదంతా వాయిస్ నోట్లలోనే.

నవంబర్లో, గ్రేట్ వెస్ట్ రోడ్డు మీద, వానలో. వాడి బాడీని ఊళ్ళో ఇంటికి పంపేశారు. దాని గురించి ఇంక రాయను.


ఫిబ్రవరి 20, శుక్రవారం

ఇంటి ఓనర్ సదాశివం అంకుల్ వచ్చాడు. చెప్పులు విప్పకుండానే పైకొచ్చి బాక్స్ రూమ్‌లోకి తొంగి చూశాడు.

"ఏమయ్యా ఆదర్శ్, ఇంకో కుర్రాణ్ణి చూడమంటావా? నైట్ షిఫ్టు వాడే, నెమ్మదస్తుడు. పగలంతా మంచం ఖాళీగానే ఉంటుంది కదా."

"ఖాళీగా లేదు అంకుల్" అన్నా.

ఆయన నా మొహంలోకి చూసి మెట్లు దిగిపోయాడు. సామాన్లు ఉన్నాయని నా ఉద్దేశం.


ఫిబ్రవరి 22, ఆదివారం

డెమో ఎక్కించేశా. లైబ్రరీ లేదు ఈరోజు, వంటింట్లో కూర్చున్నా.

గేములో బాక్స్ రూమ్ పూర్తి కాలేదు. ఎన్నిసార్లు మొదలుపెట్టినా కుదరలేదు. మంచం పెట్టేదాకా బాగానే ఉంటుంది, ఆ తర్వాత చెయ్యి ఆడదు. అందుకని తలుపు ఉండాల్సిన చోట గోడ కట్టేశా. మేడ మీద నడవా చివర గోడ, అంతే. పనికిరానివన్నీ ఆ గోడ వెనక్కి తోసేశా. గేములు చేసేవాళ్ళం అందరం చేసే పనే ఇది. డిలీట్ చేస్తే ఎక్కడో ఏదో విరుగుతుంది, అదే గోడ వెనక పడేస్తే ఎవడికీ కనపడదు.

లోకేష్ వాయిస్ నోట్లు కూడా అక్కడే. చాట్ మొత్తం ఒకేసారి దించి, ఫోల్డర్ ఫోల్డరంతా ఆ మంచానికి తగిలించా, ఒకటి తర్వాత ఒకటి మార్చి మార్చి రావాలని. ఎప్పుడన్నా గదిలోకి వాడుకుందాంలే అని. అన్నం కుక్కర్లో ఉంది, పప్పు నిన్నటిది వాసన చూసి తిను, నర్సింహ నీ షాంపూ వాడేస్తున్నాడు. అన్నీ తెలిసినవే.

ఒకటి వినలేదు. చివరిది. బస్సు ఎక్కుతుంటే వచ్చింది, తర్వాత విందాంలే అనుకున్నా. వినకపోతే ఏం, అన్నీ వినాలని రూలా? గోడ వెనక ఎవడికి వినపడుద్ది.


ఫిబ్రవరి 23, సోమవారం

మొదలైంది. బ్రేకులో క్యాంటీన్‌లో చూశా. విష్‌లిస్ట్‌లో వేసుకున్నవాళ్ళందర్నీ మా వంటింట్లో కూర్చోబెట్టి టీ ఇవ్వొచ్చు.

సాయంత్రం నర్సింహ ఆడి చూశాడు. రైస్ గిన్నె ఒళ్ళో పెట్టుకుని, ఒక చేత్తో.

"గేమ్‌ల మనుషులే లేరేందిరా? ఎవనితోని ఆడాలె?"

"అదే ఆట."

"మన ఇల్లే కదరా ఇది. మన ఇంట్లనే తిరిగేటందుకు నేను గేమెందుకు ఆడుతరా నాయన? అగో, నా టవల్! నా టవల్ గూడ పెట్టినవ్!" పడీ పడీ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ మేడ మీద నడవాలోకి నడిచాడు. గోడ దగ్గర ఆగాడు. నవ్వు ఆపి హెడ్‌ఫోన్స్ తీసేశాడు.

"మంచిగనే ఉంది" అన్నాడు. గిన్నె కడుక్కోకుండా పోయి పడుకున్నాడు.


ఫిబ్రవరి 24, మంగళవారం

ఆడేవాళ్ళు గేము ఇంట్లో ఎక్కడ నిలబడితే అక్కడ నా స్క్రీన్ మీద ఒక చుక్క కనపడుతుంది. ఎక్కడ విసుగుపుట్టి వదిలేస్తున్నారో తెలుసుకోవటానికి పెట్టుకున్నా. వంటింట్లోనే వదిలేస్తున్నారు. చుక్కలన్నీ వంటింట్లో పుడతాయి, వంటింట్లోనే చస్తాయి.

ఒక చుక్క మాత్రం బాక్స్ రూమ్‌లో ఉంది. గోడ వెనక. మంచం ఉన్నచోట.

అక్కడికి దారి లేదు. ఏదో బగ్.


ఫిబ్రవరి 25, బుధవారం

అయిపోయింది. పేజీ వరస పెట్టేసింది. కిందికి దొర్లిస్తూనే ఉన్నా, బొటనవేలు పీకుతోంది కానీ నా గేము రాలేదు. పైన ఉన్నవి చూశా. కత్తులు, చేపలు పట్టటం, కత్తులతో చేపలు పట్టటం. వాటి వెనక డబ్బులున్నాయి, మనుషులున్నారు, ఆర్నెల్లుగా ఊదరగొడుతున్నారు. ఈగలు తోలుకునే కొట్టువాడిలా కూర్చున్నా నేను. పేరు వెతికితే వస్తుంది. పేరే తెలియనోడు ఎట్లా వెతుకుతాడు సన్నాసుల్లారా.

లైబ్రరీకి పోబుద్ధి కాలేదు. షెడ్ నుంచి నేరుగా ఇంటికొచ్చి మంచం మీద పడ్డా. మంచం వెచ్చగా ఉంది. గది వేడిచేసే రేడియేటర్ పక్కనే కదా. దుప్పటి విప్పి ఉంది. పొద్దున హడావిడిలో మడతపెట్టలేదేమో. ఎప్పుడూ మడతపెడతా.

చుక్క అక్కడే ఉంది.


ఫిబ్రవరి 26, గురువారం

ఎవడో పోలెండ్ కుర్రాడు క్లిప్ పెట్టాడు. నడవా చివర గోడకి ఆనుకుని నిలబడ్డాడు, ఉన్నట్టుండి హెడ్‌ఫోన్స్ లాగేసి కుర్చీలోంచి లేచాడు. గోడ వెనక ఎవరో మాట్లాడుతున్నారు, మీకూ వినపడుతోందా అని రాశాడు. దాని కింద వందల మంది. మాకూ వినపడింది. ఏ భాష ఇది? తలుపు ఎక్కడుంది? ఎట్లా తియ్యాలి?

క్లిప్ చూశా. ఫోను సైలెంట్‌లో ఉంది, అందుకని మాట వినలేదు.

మధ్యాహ్నానికి ఇంకా క్లిప్పులొచ్చాయి. అందరూ ఒకటే రాస్తున్నారు: వాన చప్పుడు, బండి ఇంజన్, మగాడి గొంతు, మధ్యలో ఒక నవ్వు. నేను విన్న నోట్లలో వాన ఉన్నది ఒక్కటి కూడా లేదు.

మార్చి మార్చి రావాలని కదా నేను రాసింది. కోడ్ మళ్ళీ చూశా. తప్పేం లేదు. ఫోల్డర్ నిండా నోట్లున్నాయి. అందరికీ ఆ ఒక్కటే వినపడుతోంది.

గేము పేజీలో పైకి వస్తోంది. మొదటిసారి, వెతక్కుండానే కనపడింది.


ఫిబ్రవరి 27, శుక్రవారం

ఇంకా పైకి వచ్చింది. చేపల దాని పక్కన ఉంది ఇప్పుడు. షెడ్‌లో సరుకు ప్యాలెట్లు దించుతూ నాకు నేనే నవ్వుకుంటున్నానని పక్కన పనిచేసే పోలిష్ ఆయన కాఫీ తెచ్చిచ్చాడు.

ఇంటికొచ్చేసరికి మెసేజ్. స్కాట్లాండ్ అమ్మాయి, దయ్యాల గేములు లైవ్‌లో ఆడుతుంది, ఆమెని లక్షల మంది చూస్తారు. ఆదివారం మధ్యాహ్నం షేరింగ్ ఆడుతుందంట. ఒక్కటే కోరిక. నేను కూడా లైవ్‌లోకి వచ్చి గోడ వెనక మనిషి ఏమంటున్నాడో మాట మాటకీ అర్థం చెప్పాలి.

ఆమె ఆడిందంటే ఇంక తిరుగు లేదు. ఫెస్ట్ అయ్యేలోపు మొదటి వరసలో ఉంటాం. షెడ్ మానెయ్యొచ్చు. ఉన్నానని తెలుస్తుంది నలుగురికీ.

సరే అని రాసేశా. అప్పటికి వినొచ్చులే.

కిందికి దిగి నర్సింహకి చెప్పా. వాడు దుప్పటి కప్పుకుని సోఫాలో ముడుచుకున్నాడు.

"ఏమైందిరా, జ్వరమా?"

"జ్వరం కాదు, సలి. బాయిలర్ ఖరాబై మంగళారం నుంచి ఇల్లు ఐస్ గడ్డ లెక్కుంది. అంకుల్‌కి ఫోన్ చేసి చేసి నా నోరు పోయింది. నీకు తెల్వదా?"

"నా గది వెచ్చగానే ఉంది."

"ఎట్లుంటదిరా? అన్ని రేడియేటర్లు ఒక్కటే కదా." కాసేపు టీవీ వంక చూశాడు. టీవీ ఆపేసి ఉంది. "ఆదీ, నువ్వు షెడ్‌కి పోయినంక పైన మంచం కిర్రుమంటది. నువ్వు పోలేదేమో అనుకుంట నేను."

"పాత ఇల్లు."

"అవ్, పాత ఇల్లే" అన్నాడు.

పైకొచ్చి రేడియేటర్ మీద చెయ్యి పెట్టా. చల్లగా ఉంది. తర్వాత పరుపు మీద పెట్టా. అదేదో మందం పరుపు, వేడి పట్టుకుంటుంది.


ఫిబ్రవరి 28, శనివారం

సిరి ఫోన్ చేసింది, నాటింగ్‌హామ్ నుంచి. లోకేష్ చెల్లెలు. అక్కడ చదువుతూ ముసలివాళ్ళ కేర్ హోమ్‌లో పని చేస్తుంది. నవంబర్ తర్వాత మేం మాట్లాడుకోవటం ఇదే.

"ఆదర్శన్నా, మా అన్నయ్య గొంతు నెట్లో ఎందుకుంది?"

పలకరింపు లేదు, ఏం లేదు. నేను గోడలనీ, ఫోల్డర్లనీ ఏదో వాగా. ఆమె మధ్యలో ఆపలేదు. అది ఇంకా చిరాకు.

"తీసేస్తాలే" అన్నా చివరికి.

"తీసెయ్యమన్నానా? నాతో పనిచేసే అమ్మాయి చూపించింది, భయంగా ఉంది చూడు అని. నాకు భయమెయ్యలా. బ్రేక్ రూమ్‌లో కూర్చుని మూడుసార్లు విన్నా." ముక్కు ఎగబీల్చింది. "నువ్వు విన్నావా?"

"విన్నా."

"అబద్ధం. విన్నోడివైతే నాకు ఎప్పుడో ఫోన్ చేసేవాడివి."

"ఏమన్నాడు?"

"నాకు పంపలేదుగా. నీకు పంపాడు. నువ్వే విను."

లైవ్ సంగతి చెప్పా. "ఇంకో ఛాన్స్ లేదు సిరీ. గేముకి ఒక్కసారే ఇస్తారు. రేపు చెప్పకపోతే మళ్ళీ అడుక్కి పోతుంది. వాడు కూడా ఆ గేము కోసం..."

"తెలుసు. కుక్కర్ చప్పుడు అన్నయ్యదేగా, నోటితో చేశాడు. అమ్మకి కూడా చేసి వినిపించాడు. చెప్పాలనిపిస్తే చెప్పన్నా. నేను వద్దనను. కాకపోతే లక్షమంది వినాలని చెప్పిన మాట కాదది."

అందుకని కోప్పడ్డా. "మరి నువ్వెందుకు మంగళవారం నుంచి గేములో ఆ గదిలో నిలబడ్డావు? నాకు కనపడుతోంది చుక్క."

"ఏ గదిలో?"

"గోడ వెనక. మంచం దగ్గర."

"నా లాప్‌టాప్‌కి నీ గేము ఎక్కనే లేదన్నా. క్లిప్ చూశా అంతే. మంచం దగ్గర ఎవరున్నారు?"

బగ్ అని చెప్పా.


మార్చి 1, ఆదివారం

విన్నా.

పొద్దున్నే, మంచం మీద కూర్చుని. బయట వాన. ఫోన్‌లో కూడా వాన. కాసేపు ఏది ఏదో తెలియలేదు.

"ఒరే ఆదీ, లేచావా? వాన దంచుతోంది రా నాయనా. చేతులు కొయ్యబారిపోయినయ్, హ్యాండిల్ ఏదో వేళ్ళు ఏవో తెలీట్లా." అక్కడ నవ్వాడు. "ఇదే లాస్ట్ డెలివరీ, పడేసి వచ్చేస్తున్నా. లేస్తే దుప్పటి మడతపెట్టకు. నీ శుభ్రం తగలెయ్య, రోజూ మడతపెట్టి చల్లారబెడతావు. అట్లాగే వదిలెయ్. వెచ్చగా ఉంటే చాలు నాకు. వచ్చేస్తున్నా."

అంతే. అంతే ఉంది దాంట్లో.

మూడింటికి లైవ్. ఆ అమ్మాయి మంచిదే. ఎర్ర జుట్టు, పెద్ద నవ్వు, నా పేరు సరిగ్గా పలకటానికి రెండుసార్లు అడిగి మరీ నేర్చుకుంది. గేము బాగా ఆడింది. కుక్కర్ మూత తీసి "వేడిగా ఉంది!" అని గుసగుసగా అంది, టవల్ ముట్టుకుని వెనక్కి గెంతింది. లోకేష్ ఎట్లా అనుకున్నాడో అట్లాగే. పక్కన కామెంట్లు చదవటానికి వీల్లేనంత స్పీడుగా పరిగెడుతున్నాయి. మేడ ఎక్కింది. గోడకి ఆనుకుంది.

గొంతు వచ్చింది. ఆమె కళ్ళు మూసుకుని మొత్తం విని, "ఇప్పుడు చెప్పు, ఏమంటున్నాడు?" అంది.

అందరూ ఆగారు. కామెంట్లు కూడా ఆగాయి. జీవితంలో అంతమంది నా వైపు చూడటం అదే మొదటిసారి, అదే చివరిసారి.

"అన్నం కుక్కర్లో ఉంది అంటున్నాడు" అన్నా. "పప్పు నిన్నటిది, వాసన చూసి తినమంటున్నాడు."

"అంతేనా?"

"అంతే."

ఆమె పగలబడి నవ్వింది. అందరూ నవ్వారు. కామెంట్లలో పప్పు బొమ్మలు పెట్టారు. భయమంతా పోయింది, గాలి తీసేసిన టైరులాగా. ఇంకో పది నిమిషాలు ఆడి, థాంక్స్ చెప్పి, ఆమె వేరే గేముకి వెళ్ళిపోయింది. ఆమెతో పాటే జనం.

రేపటికి అడుక్కి పోతుంది. పోనీ. నాకు తెలుసు, తెలిసే చెప్పా. నా గది గోడకి గుద్దితే చెయ్యి వాచింది.

సిరి మెసేజ్ పెట్టింది. "చూశా అన్నా. పప్పు నిన్నటిదా?" కింద ఒక నవ్వు బొమ్మ. కాసేపాగి ఇంకొకటి. "థాంక్యూ."


మార్చి 2, సోమవారం

సాయంత్రం ఫెస్ట్ మూసేశారు. మేం ఎక్కడున్నామో చూడలేదు. చూశా. వెతికినా దొరకని చోట.

రూల్ ఏం లేదు కానీ డెమో కూడా తీసేశా. డౌన్‌లోడ్ ఆపేశా, సర్వర్ ఆపేశా. చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. వంటింట్లోవి, మెట్ల మీదవి, నడవాలోవి.

ఒకటి ఆరలేదు.

పేజీ మూసి తెరిచా. లాప్‌టాప్ ఆపి మళ్ళీ ఆన్ చేశా. నర్సింహని పిలిచి, ఏమీ చెప్పకుండా స్క్రీన్ వాడి వైపు తిప్పా.

"ఎంతమంది ఉన్నార్రా?"

వంగి చూశాడు. "ఒక్కడే ఉన్నడు కదా. పండుకున్నట్టున్నడు." తలెత్తి నన్ను చూశాడు. కిందికి పోయి నాకు కూడా రైస్ పెట్టాడు, వాడు అట్లా పెట్టటం ఎప్పుడూ లేదు. గిన్నెలు మూడు తీశాడు. నేను చూస్తుంటే ఒకటి మళ్ళీ లోపల పెట్టేశాడు.


మార్చి 3, మంగళవారం

తెల్లారకముందే లేచా. చెయ్యి అలవాటుగా దుప్పటి మీదికి పోయింది. నవంబర్లో ఆ రోజు కూడా పోయింది. ఈరోజు ఆపేశా. నేను పడుకున్న గుంట మీద దుప్పటి కప్పి, అంచులు లోపలికి నొక్కి, వేడి బయటికి పోకుండా చేసి వచ్చేశా.

షెడ్‌లో సదాశివం అంకుల్ ఫోన్. బాయిలర్ వాడు రేపొస్తాడంట, ఆ నైట్ షిఫ్టు కుర్రాడు గది చూసుకుంటానంటున్నాడంట. వద్దన్నా. నర్సింహ గదిలో అడగమన్నా.

గేములో గోడ తీసేస్తున్నా. బాక్స్ రూమ్ ఇప్పుడు కుదురుతోంది. మంచం, దుప్పటి, కింద వాడి తడి బూట్లు. రిలీజ్ చేస్తా. ఎవడూ చూడడు, తెలుసు.

మూడున్నరైంది. లైబ్రరీలో ఉన్నా, కిటికీ పక్క బల్ల దగ్గర. బయట వాన, చలి. ఇంటికి పోతే బాగుండు అనిపిస్తోంది, కళ్ళు మూతలు పడుతున్నాయి. స్క్రీన్ మీద చుక్క అట్లాగే ఉంది, కదలకుండా.

ఐదు దాకా ఇక్కడే ఉంటా. రాత్రంతా వానలో తిరిగొచ్చాడు. వాణ్ణి లేపటం దేనికి.